కష్టజీవి: ఇంటిపెద్ద స్మృతి రచనల్లో ప్రేరణార్థకం మాయమైన తీరు

ఇంటిపెద్ద కన్నుమూసిన తరువాత పెదకర్మనాటికో, ప్రథమ వర్ధంతికో అచ్చువేయించి బంధుమిత్రులకు పంచే చిన్న పుస్తకాలు కృష్ణా పశ్చిమ డెల్టా పల్లెలకు కొత్తవి కావు. అమృతలూరు పరిసరాల్లోనూ, ఇటు తెనాలి, అటు రేపల్లె, బాపట్ల వైపూ ఇవి ఇళ్లలో పంచాంగాల పక్కన, భగవద్గీత ప్రతుల పక్కన ఒదిగి ఉంటాయి. గ్రంథాలయాల్లో వీటికి సాధారణంగా చోటు దొరకదు. సాహిత్య చరిత్రకారులు వీటిని రచనలుగా లెక్కించలేదు. అందుకు కారణం ఊహించదగినదే: ఒక పుస్తకానికీ మరొక పుస్తకానికీ మధ్య పేర్లు, తేదీలు మారతాయి తప్ప నడక మారదు. పుట్టుక, తల్లిదండ్రులు, వివాహం, సంతానం, ఆ సంతానం చదువులు, వారు స్థిరపడిన దేశాలు, బడికి కట్టించిన గది లేదా గుడికి ఇచ్చిన విరాళం, చివరి జబ్బు, నిర్యాణం. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట, తరచుగా చదువు ప్రస్తావన ముగిసి ఆస్తి ప్రస్తావన మొదలయ్యే చోట, 'ఆయన కష్టజీవి' అన్న వాక్యం వస్తుంది.

ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యం గురించి. మరణించిన తండ్రిని కష్టపడి పైకి వచ్చిన మనిషిగా గుర్తుచేసుకోవడం తెలుగులో ఎప్పుడు, ఏ రూపంలో సాధ్యపడింది, ఆ స్మరణలో ఆయన చేసిన పని ఎంతవరకు కనిపిస్తుంది, ఇంకెవరి పని ఆయన పేరులో కలిసిపోతుంది అన్నవి ఇక్కడి ప్రశ్నలు. స్మృతి పుస్తకాలను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. దుఃఖంలో ఉన్న కుటుంబం పది రోజుల్లో రాయించి అచ్చువేయించిన పుస్తకాన్ని కావ్యంతో సమానంగా తూచడం న్యాయమూ కాదు. అయితే కావ్యాలు, నవలలు, ఆత్మకథలు ఈ పుస్తకాల భాషను పంచుకుంటున్నాయి. వీటిలో స్థిరపడిన అలవాటు వాటిలో ప్రశ్నగా మారుతుంది. అందువల్ల రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం అవసరమని భావిస్తున్నాను.

ముందు మాట సంగతి. సంస్కృతంలో 'కష్టం' అంటే బాధ, దుస్సాధ్యత. తెలుగులో దానికి శ్రమ అన్న అర్థం బలంగా స్థిరపడింది. రెక్కల కష్టం, కష్టం చేసుకొని బతకడం వంటి పలుకుబళ్లలో బాధ కన్నా పనే ముందు వినిపిస్తుంది. అదే మాట నుంచి 'కష్టార్జితం' వచ్చింది. పిత్రార్జితానికి ఎదురుగా నిలబడే ఆస్తి వ్యవహారపు మాట ఇది. కష్టజీవి అన్న సమాసం ఈ రెండు అర్థాల నడుమ ఊగుతూ ఉంటుంది. కూలివాడిని కష్టజీవి అన్నప్పుడు రెక్కల కష్టం గుర్తుకు వస్తుంది. ఆస్తి కూడబెట్టిన ఇంటిపెద్దను కష్టజీవి అన్నప్పుడు కష్టార్జితం గుర్తుకు వస్తుంది. స్మృతి పుస్తకంలో మాట మొదటి అర్థపు గౌరవాన్ని తీసుకొని రెండో అర్థంలో పనిచేస్తుంది. పైగా అది విశేషణం. విశేషణం వచ్చిన చోట కథనం ఆగిపోతుంది. ఆయన ఎన్ని గంటలకు లేచేవాడు, ఏ పని చేతకాదనేవాడు, ఏ ఏడు పంట పోయింది, ఎవరితో కలిసి పనిచేశాడు అన్నవి చెప్పవలసిన అవసరం ఆ ఒక్క మాటతో తీరిపోతుంది.

సంప్రదాయంలో తండ్రి

తెలుగు కావ్యంలో మరణించిన తండ్రికి చోటు మొదటినుంచీ ఉంది. కావ్యావతారికల్లోని వంశవర్ణన ఆ చోటు. అక్కడ తండ్రి, తాత, ముత్తాతలు దానశీలురుగా, మంత్రులుగా, పండితులుగా, యజ్ఞకర్తలుగా కనిపిస్తారు. వీటన్నిటిలో మనసుకు పట్టేది తిక్కన విరాటపర్వావతారిక. తండ్రి కొమ్మన కలలో కనిపించి హరిహరనాథుని అనుగ్రహాన్ని కొడుక్కి తెలియజేయడం అక్కడి ఘట్టం. ఆ కలలో తండ్రి తన బతుకు గురించి మాట్లాడడు. ఆయన ఆనతిని మోసుకొచ్చిన దూత. కొడుకు చేయవలసిన పనికి దైవానుమతి తండ్రి నోట రావడమే ఆ ఘట్టపు బలం. ఇరవయ్యో శతాబ్దంలో విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షానికి తండ్రి శోభనాద్రి కోరికను ప్రేరణగా చెప్పుకోవడంలో ఈ పద్ధతి కొనసాగింది. ఈ రెండు చోట్లా తండ్రి చేసినది ప్రేరణ. చేయవలసినది కొడుకు పని.

ఆధునిక కవిత్వంలో స్మృతికావ్యం ప్రత్యేక శాఖగా ఎదిగినప్పుడు కూడా తండ్రి దానికి ప్రధాన వస్తువు కాలేదు. అకాలంలో పోయిన భార్య, బిడ్డ, స్నేహితుడు భావకవుల విషాదానికి ఆలంబనమయ్యారు. విశ్వనాథవారి 'వరలక్ష్మీ త్రిశతి' భార్య మరణం మీద వచ్చిన రచన. తండ్రి మరణం వయసు వరుసలో జరిగేది కనుక అది విషాదం కన్నా విధిగా తోచి ఉంటుంది. ఆ విధికి శాస్త్రం ఇచ్చిన రూపం ముందే సిద్ధంగా ఉంది. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాతలు వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా, గోత్రనామాలతో స్మరణకు వస్తారు. అక్కడ అవసరమైనవి గోత్రం, పేరు, తిథి. బతికినంతకాలం ఆ మనిషి ఏం పని చేశాడో చెప్పడానికి ఆ విధిలో ఖాళీ లేదు. స్మృతి పుస్తకం ఆ ఖాళీని సృష్టించింది. ఈ కోణంలో చూస్తే అది ఆధునికమైన ప్రక్రియ. మనిషిని పనితో గుర్తుపెట్టుకోవాలన్న కోరిక అందులో నిజంగానే ఉంది. ఆ కోరికను నెరవేర్చే భాష దానికి అందకపోవడం వేరే సంగతి.

ఇక్కడ వ్యాకరణం సాయం తీసుకోవాలి. తెలుగు శాసనాల్లో దాత చెరువు 'త్రవ్వించె'ను, గుడి 'కట్టించె'ను, తోట 'వేయించె'ను. 'ఇంచు' ప్రత్యయం శాసనకర్తకు సిగ్గుపడవలసిన విషయం కాదు. అది అతని గొప్పతనానికి గుర్తు. పదిమంది చేత పని చేయించగలిగినవాడే పెద్ద. సప్తసంతానాల్లో చెరువు, గుడి, వనం, కావ్యం వంటివి చేయించి పొందేవే. (పుత్రుడొక్కడే మినహాయింపు, నియోగం చెల్లిన కాలంలో అదీ పూర్తి మినహాయింపు కాదు.) శాసనం తవ్వినవాడి పేరు చెప్పదు, నిజమే. కానీ తవ్వినవాడు వేరొకడున్నాడని ఆ క్రియాపదం ఒప్పుకుంటుంది.

స్మృతి పుస్తకంలో ఈ ఒప్పుకోలు లేదు. ఆయన ఇరవై ఎకరాలు సాగు చేశాడు, మెరక దున్ని మాగాణి చేశాడు, ఇల్లు కట్టాడు. వాడుకలో 'ఇల్లు కట్టాడు' అంటే కట్టించాడనే అర్థమని ఎవరైనా అంటారు. ఆ వాడుకే ఇక్కడ పరిశీలించదగినది. చేయించడం గౌరవంగా ఉన్న కాలంలో ప్రేరణార్థకం నిలిచింది. చేయడం గౌరవంగా మారిన కాలంలో ప్రేరణార్థకం జారిపోయింది. క్రియ మారినా పొలంలో పని జరిగే తీరు అంతగా మారలేదు.

డెల్టా సేద్యం, మాట చేతులు మారడం

ఈ మార్పు జరిగిన నేల సంగతి కొంత చెప్పాలి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత పశ్చిమ డెల్టా కాలువల కింద అమృతలూరు వంటి ఊళ్లు వరి ఊళ్లుగా స్థిరపడ్డాయి. మాగాణి సేద్యంలో ఒక్క మనిషి ఒంటరిగా పూర్తి చేయగలిగిన పని చాలా తక్కువ. నారుమడి సిద్ధం చేయడం, నారు పోయడం, గట్లు చెక్కడం, దమ్ము చేయడం, నారు పీకి కట్టలు కట్టి మోయడం, ఊడ్పు, కలుపు, కోత, పనలు తిప్పి ఆరబెట్టడం, కట్టేత, కుప్ప వేయడం, నూర్పిడి, తూర్పారబట్టడం. కోతకు ముందే చేలో మినుములో పెసలో చల్లితే రెండో పంట. ఈ వరుసలో ఊడ్పు, కలుపు ఎక్కువగా ఆడవాళ్ల చేతులమీదుగా నడిచాయి. ఎద్దులు, ఎరువు, రాత్రిపూట నీటి కాపలా జీతగాళ్ల చేతులమీదుగా నడిచాయి. భూమి ఉన్న రైతు చేసే పని అందులో లేకపోలేదు. తెల్లవారుజామున కాలువ గట్టు మీద వంతు నీటికోసం నిలబడడం, కూలీలను పిలుచుకురావడం, వాళ్లతోపాటు మడిలో దిగడం, అప్పు తేవడం, తీర్చడం అతని పనులే. చిన్న కమతాల రైతు కూలివాడితో సమానంగా ఒళ్లు వంచాడు. కనుక 'కష్టజీవి' అన్న మాట అతని విషయంలో అబద్ధం కాదు. అది అసంపూర్ణం.

ఆ అసంపూర్ణతకు సాహిత్య చరిత్రలోనూ మూలాలున్నాయి. దువ్వూరి రామిరెడ్డి 'కృషీవలుడు' 1919 నాటిది. దాని తరువాత రైతు తెలుగు కవిత్వంలో గౌరవనీయుడైన నాయకుడయ్యాడు. కావూరులో పుట్టిన తుమ్మల సీతారామమూర్తి 'అభినవ తిక్కన' అన్న ప్రశస్తి పొందుతూనే తనను పల్లెతో, సేద్యంతో, గాంధీ మార్గంతో ముడివేసుకున్నారు. నిడుబ్రోలు కేంద్రంగా ఎన్.జి. రంగా నడిపిన రైతు ఉద్యమం రాజకీయాల్లో అదే గౌరవాన్ని స్థిరపరచింది. 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం ప్రథమ మహాసభ జరిగింది తెనాలిలోనే. శ్రమను విలువగా నిలిపిన సాహిత్యోద్యమానికి ఈ డెల్టా పట్టణమే వేదిక కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. అభ్యుదయ సాహిత్యంలో కష్టజీవి అంటే ముందుగా స్ఫురించేది భూమిలేని కూలి, కార్మికుడు. ఆ మాట సంపాదించుకున్న నైతిక గౌరవం తరువాతి దశాబ్దాల్లో భూమి ఉన్నవారి స్మృతి పుస్తకాల్లోకి నడిచి వచ్చింది. మాట చేతులు మారింది. భూమి చేతులు మారినంత కష్టంగా మాత్రం కాదు.

గోపీచంద్: తండ్రి పోయిన తరువాత

త్రిపురనేని రామస్వామి చౌదరి 1887లో కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టారు. రైతు కుటుంబం. వయసు మీరాక చదువు అందుకొని, డబ్లిన్ వెళ్లి న్యాయశాస్త్రం చదివి, తెనాలిలో న్యాయవాదిగా, పురపాలక సంఘాధ్యక్షుడిగా, 'సూతాశ్రమం' గృహస్థుగా బతికారు. 'వివాహవిధి'ని తెలుగులో కూర్చి, కర్మకాండకు పురోహితుడి అవసరాన్ని ప్రశ్నించారు. 1943 జనవరి 16న మరణించారు. తన కాలపు స్మృతి పుస్తకాలు కోరుకునే లక్షణాలన్నీ ఉన్న ఇంటిపెద్ద ఆయన: కష్టపడి చదివాడు, పైకి వచ్చాడు, పదవి చేశాడు, పేరు తెచ్చుకున్నాడు.

ఆయన పోయిన కొద్ది ఏళ్లకే కొడుకు గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' రాసి తండ్రికి అంకితమిచ్చారు. ఆ అంకిత వాక్యం తెలుగు పాఠకులకు కంఠస్థమే కనుక ఉటంకించవలసిన పని లేదు. అందులో తండ్రి సంపాదన, పదవి, పాండిత్యం, బిరుదు ఏవీ లేవు. తండ్రి తనకు నేర్పిన ఒక్క అలవాటు, ప్రశ్నించే అలవాటు మాత్రమే ఉంది. నాకు తెలిసిన తండ్రి స్మృతుల్లో ఇంత పొదుపైనది మరొకటి లేదు. విశేషణం లేకుండా తండ్రిని ఒక క్రియతో గుర్తుచేసుకున్న వాక్యం అది. ఆ క్రియ 'నేర్పు'. ఇదీ ఒక రకంగా ప్రేరణార్థకమే: నేర్చుకొనేవాడు వేరొకడున్నాడని ఒప్పుకొనే మాట.

ఈ అంకితాన్ని నవలతో కలిపి చదవడం తక్కువగా జరిగింది. నవల మీద వచ్చిన విమర్శ ఎక్కువగా సీతారామారావు మనస్తత్వం చుట్టూ, లేదా శిథిలమవుతున్న ఉన్నత కుటుంబపు ఆర్థిక స్థితి చుట్టూ తిరిగింది. రెండూ అవసరమైన పఠనాలే. అయితే నవల నడకను నిర్ణయించేది చనిపోయిన తండ్రి అన్నది ఆ రెంటిలోనూ పక్కకు తప్పుకుంటుంది. సీతారామారావు తండ్రి దానధర్మాలతో పేరు తెచ్చుకున్నవాడు. పోతూ పోతూ వంశ ప్రతిష్ఠను కొడుకు చేతిలో పెట్టిపోయాడు. కొడుకు ఆ ప్రతిష్ఠను నిలపబోయి ఆస్తి పోగొట్టుకుంటాడు, పని చేయబోయి నిలవలేకపోతాడు, భార్య ఇందిరనూ బిడ్డనూ బాధిస్తాడు, చివరకు శ్మశానంలో తనతో తానే పోరాడి అంతమవుతాడు. అసమర్థత అతని స్వభావంలో ఉందని చెప్పి ఊరుకుంటే నవల చిన్నదైపోతుంది. అతనికి వారసత్వంగా అందినది తండ్రి చేయించిన పనుల కీర్తి. పని ఎలా చేయాలో ఆ స్మృతిలో లేదు. ప్రతిష్ఠను అప్పగించవచ్చు, నైపుణ్యాన్ని ఆ విధంగా అప్పగించడానికి వీలులేదు. అతను తండ్రిని మరచిపోలేదు; అతి శ్రద్ధగా గుర్తుంచుకున్నాడు. ఆ గుర్తుంచుకోవడంలోనే అతని పతనం ఉంది. ఈ దృష్టితో 'అసమర్థుని జీవయాత్ర'ను ఇంటిపెద్ద స్మృతి మీద తెలుగులో వచ్చిన కఠినమైన విమర్శగా చదవవచ్చు. అంకిత వాక్యంలోని తండ్రి, నవలలోని తండ్రి ఒకరికొకరు ఎదురుగా నిలబడతారు. ఒకరు అలవాటును ఇచ్చి వెళ్లాడు, మరొకరు పేరును ఇచ్చి వెళ్లాడు.

నవలలో పనికి ప్రతినిధి రామయ్య తాత. మట్టితో, ప్రకృతితో కలిసి బతికే మనిషి మాటలు సీతారామారావు చెవిన పడతాయి గాని ఒంట పట్టవు. ఇక్కడ గోపీచంద్‌తో నాకొక పేచీ ఉంది. రామయ్య తాత పని చేస్తున్నంతసేపు నమ్మశక్యంగా ఉంటాడు. తత్త్వం చెప్పడం మొదలుపెట్టాక అతని శ్రమ ఉదాహరణగా మారిపోతుంది. స్మృతి పుస్తకం శ్రమను విశేషణం చేస్తే, నవల దాన్ని సిద్ధాంతం చేసింది. రెండు చోట్లా చేతులు కనిపించడం తగ్గి, నోరు వినిపించడం పెరిగింది. తెనాలి ప్రాంతపు సేద్యాన్ని దగ్గరగా ఎరిగిన రచయిత కూడా ఊడ్పు మడిలోకి పాఠకుణ్ని దింపలేదు.

'నాయన' అన్న సంబోధన

చేతులు కనిపించే రచన కోసం డెల్టాను దాటి వెళ్లవలసి వచ్చింది. అది వై.బి. సత్యనారాయణ రాసిన 'మా నాయన బాలయ్య'. మొదట 2011లో ఇంగ్లీషులో వెలువడిన ఈ పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ కోసం తెలుగు చేసినవారు పి. సత్యవతి. ఆమె పుట్టిన ఊరు తెనాలి పక్కనున్న కొలకలూరు. కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి రైలు పట్టాల వెంట సాగిన ఒక మాదిగ కుటుంబపు కథ, ఇంగ్లీషు మీదుగా, కృష్ణా డెల్టాలో పుట్టిన రచయిత్రి చేతిలో తెలుగైంది. ఇంటి తెలుగులో బతికిన తండ్రిని కొడుకు ఇంగ్లీషులో గుర్తుచేసుకోవలసి రావడం, ఆ తండ్రి మరొకరి తెలుగులో తిరిగి రావడం మన భాషా చరిత్రలో ఆలోచించదగిన విషయం. శీర్షికలో 'నాన్న' అనకుండా 'నాయన' అని నిలపడం సరైన నిర్ణయం. ఆ ఒక్క పిలుపు పుస్తకాన్ని దాని ఊరిలో ఉంచింది.

పుస్తకం చావుతోనే మొదలవుతుంది. కలరాతో పోయిన భార్య శవాన్ని నర్సయ్య ఒక్కడే మోసుకొని పోతుంటాడు, వెంట చిన్న కొడుకు. పెదకర్మ లేదు, పంచే పుస్తకం లేదు, మోయడానికి నలుగురు లేరు. ఆ చిన్న కొడుకే బాలయ్య. ఇంతకు ముందు తరంలో చెప్పులు కుట్టి నిజాం మెప్పు పొంది, బహుమానంగా దొరికిన 50 ఎకరాలను ఊరి దొర దయవల్ల రెండెకరాలకు కుదించుకోవలసి వచ్చిన వంశం అది. కష్టార్జితం అన్న మాట అందరికీ ఒకే విధంగా వర్తించదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. కష్టం ఉంది, ఆర్జితం కూడా ఉంది. నిలుపుకొనే హక్కు లేదు. (అమృతలూరు మండలంలోని యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోళ్ల పరిశ్రమను విజ్ఞానశాస్త్రంగా ఎదిగించి దేశమంతటా గౌరవం పొందారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించినప్పుడు ఆయనను దేశం ఒక శాస్త్రవేత్తగా స్మరించింది. తోలు ఒకటే. దాని చుట్టూ పుట్టే స్మృతి ఎవరి చేతుల్లో ఉందన్న దాన్ని బట్టి మారుతుంది.)

బాలయ్య నిజాం రైల్వేలో పాయింట్స్‌మన్. బండి ఏ పట్టా మీదికి పోవాలో దానికి తగినట్టు లీవరు లాగి పట్టాలు కలపడం, జెండా, దీపం పట్టడం, పెట్టెలు తగిలించడం, విప్పడం ఆ కొలువు పనులు. అందులో ప్రేరణార్థకానికి తావులేదు. లీవరు లాగించడానికి అతని కింద మరొక మనిషి లేడు. తప్పు జరిగితే బండి పడిపోతుంది, మనుషులు పోతారు. సత్యనారాయణ తండ్రి గొప్పతనాన్ని చెప్పదలచుకున్న చోట ఈ పనిని, బదిలీలను, క్వార్టర్లను, బదిలీ అయిన ప్రతిచోటా బడి వెతుక్కోవలసిరావడాన్ని చెబుతాడు. కష్టజీవి అన్న మాట పుస్తకమంతటా వాడకపోయినా పాఠకుడికి లోటు తెలియదు. చెప్పవలసినదంతా సంఘటనల్లో చెప్పేశాడు.

బాలయ్యను దేవుణ్ని చేయకపోవడం ఈ రచనలో మరో సుగుణం. పిల్లల చదువు మీద అతనికున్న పట్టుదల ఇంట్లో కాఠిన్యంగా కూడా అనుభవానికి వస్తుంది. ముందు పుట్టినవారి సంపాదన వెనుక పుట్టినవారి చదువుకు ఆసరా కావడం కుటుంబపు ధర్మంగా నడిచింది. ఆ ధర్మపు బరువు ఎవరిమీద ఎంత పడిందో పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు. అయినా ఒక ఆక్షేపణ మిగులుతుంది. ఈ కథ కొడుకుల పట్టాలతో, ఆచార్య పదవులతో ఫలిస్తుంది. తండ్రి శ్రమకు సాక్ష్యం కొడుకుల విజయం. డెల్టా స్మృతి పుస్తకం చివర వచ్చే సంతానపు చదువుల జాబితాకు దీనికీ తేడా లేదా అని అడగవచ్చు. తేడా ఉందని నేననుకుంటున్నాను. అక్కడ జాబితా ముందరి శ్రమను కప్పేస్తుంది, ఇక్కడ ముందరి శ్రమ చదివాకే పట్టాలు వస్తాయి. కానీ ఆ పట్టాలే రాకపోతే ఈ తండ్రి గురించి పుస్తకం వచ్చేదా అన్న ప్రశ్నకు నా దగ్గర ఊరటనిచ్చే జవాబు లేదు. చదువుకున్న కొడుకు లేని పాయింట్స్‌మన్‌లు నిజాం రైల్వేలో ఎందరో పనిచేశారు.

ఆమె క్రియలు

స్మృతి పుస్తకంలో తల్లికి కేటాయించిన క్రియలు వేరు. తండ్రి సాగు చేశాడు, కట్టాడు, చదివించాడు. తల్లి ఓర్చుకుంది, సహకరించింది, చేదోడు వాదోడుగా నిలిచింది. సహధర్మచారిణి అన్న మాట ఆమె విషయంలో కష్టజీవి చేసే పనే చేస్తుంది: గౌరవించి కథనాన్ని ఆపేస్తుంది. పశువుల చాకిరి, పాలు, పేడ, దంపుడు, పొలంలో ఉన్నవారికి కూడు మోయడం, నూర్పిడి రోజుల్లో ఇంటిముందు చేరిన జనానికి వంట, విత్తనాలకు బూడిద కలిపి దాచడం. వీటిని సేద్యం అనకపోవడం వల్లనే సేద్యం ఒక్కడి పనిగా కనిపించింది. 'చదివించాడు' అన్న క్రియ దగ్గర మాత్రం స్మృతి పుస్తకం ప్రేరణార్థకాన్ని నిలుపుకుంటుందన్నది గమనించాలి. పొలంలో జారిపోయిన 'ఇంచు' బడి దగ్గర తిరిగి వస్తుంది. పిల్లల చదువు విషయంలో చేయించడమే గొప్ప. పొలం విషయంలో చేయడమే గొప్ప. ఒకే పేజీలో, ఒకే మనిషి గురించి, రెండు విలువలు పక్కపక్కన పనిచేస్తున్నాయి. ఈ ఎంపిక యాదృచ్ఛికమని నేననుకోను.

జీతగాళ్ల విషయంలో క్రియలే లేవు. అమృతలూరుకు ఎంతో దూరంలో లేని చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన దళితుల హత్యల తరువాత ఈ ప్రాంతపు సామాజిక చరిత్రను రాయడంలో కూలీల జీవితాలకు చోటు తప్పనిసరైంది. సాహిత్య విమర్శ కూడా ఆ మార్పును అందుకుంది. స్మృతి రచనలు మాత్రం ఆ కల్లోలానికి ముందు, తరువాత ఒకే తీరులో నడిచాయి. ఇంటిపెద్ద దయాళువు, పనివాళ్లను కన్నబిడ్డల్లా చూశాడు అన్న వాక్యం వస్తే వస్తుంది. అందులో కూడా కర్త ఆయనే. పనివాళ్లు ఆయన దయకు కర్మపదం.

ఇటువంటి పుస్తకాలను విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు సేకరించాలని సూచించడం సులువు. సేకరించాక ఎలా చదవాలన్నది అసలు సమస్య. వాటిని ఒంటరిగా చదివితే పైన చెప్పిన నమూనా తప్ప మరేమీ దొరకదు. కానీ పెద్ద కమతాల ఇళ్లలో వాటితోపాటే మరొక రాతప్రతి ఉండేది. అది ఇంటిపెద్ద స్వయంగా రాసుకున్న పద్దు పుస్తకం. పాలేళ్లకు ముందుగా ఇచ్చిన సొమ్ము, ఏడాది జీతానికి కుదిర్చిన ధాన్యం బస్తాలు, ఊడ్పు నాటి ఆడకూలీల లెక్క, కుప్ప నూర్చిన రోజు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి బాకీ వచ్చే ఏటికి మళ్లింది అన్నవి రాసుకోవలసింది అందులోనే. ఆ రాతలో విశేషణాలకు అవసరం లేదు. తన గురించి ఆయన ఏమీ రాసుకోనక్కరలేదు. కూలి చెల్లించవలసినవాడు కనుక ఎవరి చేత ఏ పని ఎన్ని రోజులు చేయించాడో మాత్రం పేర్లతో రాసి ఉంచాలి. పెదకర్మ అయిన తరువాత ఇల్లు సర్దేటప్పుడు స్మృతి పుస్తకం ప్రతులు బీరువాలోకి వెళతాయి, పద్దు పుస్తకాలు పాతకాగితాల బేరానికి వెళతాయి.